గలక్సీది: ఆవిరి పొగ కమ్మిన తెరచాపల రేవు

డెల్ఫీ నుంచి కొండ దిగేటప్పుడు ముందుగా కనపడేది ఆలివ్ తోటలు. ఆంఫిస్సా నుంచి సముద్రం దాకా లోయంతా పరుచుకున్న బూడిద రంగు ఆకుపచ్చ. ఆ పచ్చదనం చివర ఇతెయా అనే రేవు పట్నం. అక్కడ కుడివైపు తిరిగి తీరం వెంట పదిహేను కిలోమీటర్ల పైచిలుకు పోతే, ఆఖరి మలుపులో ఒక రాతి గుట్టా, దాని మీద ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు పెంకుటిళ్ళూ, అన్నిటికీ పైన రెండు గంట గోపురాల చర్చీ కనిపిస్తాయి. అదే గలక్సీది. గ్రీసు దేశంలో కొరింథ్ సింధుశాఖకు ఉత్తరపు ఒడ్డు, ఫోకిస్ ప్రాంతం. జనం రెండు వేల లోపే. ఒకప్పుడు ఈ ఊరి ఓడలు నల్లసముద్రం గోధుమల్ని మార్సెయ్ దాకా మోసేవి. ఇప్పుడు రేవులో ఉన్నవన్నీ సెలవులకొచ్చిన వాళ్ళ పడవలు.

ఊరిని అర్థం చేసుకోవాలంటే ముందు ఒడ్డును చూడాలి. కొరింథ్ సింధుశాఖ నిజానికి భూమిలో పడిన చీలిక, ఇంకా తెరుచుకుంటూనే ఉంది. పడమటి కొసన ఏడాదికి సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల చొప్పున రెండు ఒడ్లూ దూరమవుతున్నాయి. దక్షిణపు ఒడ్డు పైకి లేస్తోంది, ఉత్తరపు ఒడ్డు మెల్లగా కుంగుతోంది. కుంగే ఒడ్డున ఏమవుతుందంటే, పాత లోయల్లోకి సముద్రం వచ్చి కూర్చుంటుంది. లోయలు అఖాతాలవుతాయి, గుట్టలు దీవులవుతాయి. అందుకే దక్షిణాన అఖయా తీరం గీత గీసినట్టు తిన్నగా ఉంటే, ఇటువైపు తీరం పళ్ళు ఊడిన దువ్వెనలా ఉంటుంది. గలక్సీదికి ఉన్న రెండు రేవులూ, ముందున్న చిన్న చిన్న దీవులూ, నీటిమట్టానికి ఓ జానెడు కింద దాక్కున్న రాళ్ళూ అన్నీ ఈ కుంగుడు పెట్టిన భిక్షే. అదే చీలిక అప్పుడప్పుడు కోపం కూడా చూపిస్తుంది. ఎదుటి ఒడ్డున హెలికీ అనే నగరం క్రీ.పూ. 373లో ఒక్క రాత్రిలో భూకంపానికీ కెరటానికీ పోయింది. 1995 జూన్‌లో ఎయియో పట్నాన్ని కుదిపిన భూకంపం కూడా ఈ చీలిక పనే.

రెండు రేవుల్లో పెద్దది అగోరా, అంటే అంగడి రేవు. లోతుగా, సన్నగా, ఊరి కడుపులోకి చొచ్చుకొచ్చినట్టుంటుంది. రెండోది హిరోలకాస్. గుట్టకు అవతలివైపు, ఉత్తరానికి తెరుచుకుని ఉంటుంది. ఆ పేరులో గ్రీకులో విధవను పిలిచే మాట వినపడుతుంది. సముద్రం మీద బతికే ఊళ్ళో అలాంటి పేరుకు వేరే వివరణ ఎవరూ అడగరు. శీతాకాలపు ఉత్తరపు గాలికి హిరోలకాస్ ఆగదు. ఆ గాలి మొదలైతే చిన్న పడవల్ని గుట్ట చుట్టూ తిప్పి అగోరాలోకి తెచ్చుకోవాల్సిందే.

అగోరాలో ఉండే చిక్కు వేరు. వెడల్పు తక్కువ కాబట్టి ఇటు ఒడ్డుకు కట్టిన పడవా, అటు ఒడ్డుకు కట్టిన పడవా మధ్యలోనే లంగరు వేయాలి. గ్రీసులో పడవ వెనుక భాగాన్ని ఒడ్డుకు తాళ్ళతో కట్టి, ముందువైపు లంగరు దింపుతారు. నీటి లోతుకు నాలుగైదు రెట్లు గొలుసు వదిలితేగాని లంగరు నేలను పట్టదు. కొత్తవాళ్ళు గొలుసు కాస్త వేసి ఆపేస్తారు. మధ్యాహ్నం పడమటి గాలి లేచేసరికి లంగరు జారి, వెనుక చుక్కాని పోయి రాతికట్టకు కొట్టుకుంటుంది. గొలుసు మరీ ఎక్కువ వదిలితే ఎదుటివాడి గొలుసు మీద పడుతుంది. పొద్దున్నే ముందు బయల్దేరేవాడు తన లంగరుతోపాటు పక్కవాడి లంగరునీ పైకి లాగుతాడు, ఆ తర్వాత మూడు భాషల్లో తిట్లు. ఇక రాత్రిపూట ఈ రేవుకు రావడం తెలివైన పని కాదు. అప్సీఫియా దీవి చుట్టుపక్కల రాళ్ళు పగలు నీటి రంగు మారడం వల్ల తెలుస్తాయి, చీకట్లో తగిలాకే తెలుస్తాయి.

సముద్రం మీద ఎవడి సొమ్ము ఎవడు దోచుకోవచ్చు అన్న ప్రశ్న ఈ ఒడ్డున చాలా పాతది. ప్రాచీన కాలంలో ఇక్కడున్న ఊరి పేరు ఖలెయాన్, పశ్చిమ లోక్రియన్లు అనే గ్రీకు తెగది. గలక్సీదిలో దొరికిన ఒక కంచు పలక మీద, క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఖలెయాన్, పొరుగూరు ఓయాన్థెయా రాసుకున్న ఒప్పందం ఉంది. ఇప్పుడది లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ ఒప్పందం సారం ఇది: ఒక ఊరివాడు రెండో ఊరి నేల మీద పరదేశిని పట్టుకోకూడదు. సముద్రం మీద మాత్రం సరుకు లాక్కోవచ్చు, అయితే ఊరి రేవు లోపల కాదు. అన్యాయంగా పట్టుకుంటే నాలుగు ద్రాఖ్మాలు జరిమానా. పట్టుకున్న సొమ్మును పది రోజులు దాటి దగ్గరుంచుకుంటే, దాని విలువకు ఒకటిన్నర రెట్లు కట్టాలి. దొంగతనాన్ని ఆపే చట్టం కాదిది, దొంగతనానికి హద్దు గీసే చట్టం. ఆపలేమని తెలిసినవాళ్ళు రాసింది కాబట్టే నమ్మబుద్ధేస్తుంది. రేవులో భయం లేకపోతేనే పరదేశి వర్తకుడు లంగరు వేస్తాడు, వాడు లంగరు వేస్తేనే ఊరికి తిండి.

మధ్యయుగాల చరిత్ర తెలిసింది ఒక సన్యాసి పుణ్యాన. ఊరి పైన కొండ మీదున్న రక్షకుడి మఠంలో ఎఫ్తీమియోస్ అనే సన్యాసి 1703లో ఊరి వృత్తాంతం రాసి పెట్టాడు. దోపిడీలూ, తెగుళ్ళూ, జనం కొండల్లోకి పారిపోవడం, మళ్ళీ దిగి రావడం, అంతా అందులో ఉంది. ఆ రాతప్రతి 1864లో కోన్‌స్తాన్తినోస్ సాథాస్ అనే చరిత్రకారుడి కంటపడింది, మరుసటి ఏడాది అచ్చయింది. ఆ కాగితాలు ఎలకల పాలై ఉంటే ఈ ఊరికి కొన్ని వందల ఏళ్ళ జ్ఞాపకమే ఉండేది కాదు.

ఇక 1821. ఒట్టోమన్ తుర్కుల పాలన మీద గ్రీకు తిరుగుబాటు మొదలైన కొన్నాళ్ళకే గలక్సీది తన ఓడలతో అందులో చేరింది. అదే ఏడాది శరదృతువులో ఒట్టోమన్ నౌకాదళం వచ్చి ఊరిని కాల్చేసింది, రేవులో ఉన్న ఓడల్ని పట్టుకుపోయింది. ఓడలు పోవడమంటే ఆ ఊరికి పొలాలూ, పశువులూ, బ్యాంకూ అన్నీ ఒకేసారి పోవడం.

ఆరేళ్ళ తర్వాత, 1827 సెప్టెంబరు 29న, అదే అఖాతంలో ఇతెయా ముందు ఒట్టోమన్ ఓడలు లంగరు వేసి ఉన్నాయి. వాటి మీదికి గ్రీకుల తరఫున ఒక వింత ఓడ వచ్చింది. పేరు కార్తెరియా, అంటే ఓర్పు. లండన్‌లో కట్టింది. తెరచాపలూ ఉన్నాయి, పక్కల తిరిగే చక్రాలూ ఉన్నాయి, మధ్యలో పొగగొట్టం. నడిపింది ఫ్రాంక్ ఆబ్నీ హేస్టింగ్స్ అనే ఆంగ్లేయుడు. బొగ్గు ఖరీదు కాబట్టి మామూలు ప్రయాణమంతా తెరచాపల మీదే, ఆవిరి యుద్ధానికి మాత్రమే. పెద్ద గొట్టాల ఫిరంగులు, గుండ్లను బాయిలరు కొలిమిలో ఎర్రగా కాల్చి పేల్చడం. చెక్క ఓడకు మామూలు గుండు చేసేది కన్నం. దాన్ని కొయ్య బిరడాతో మూయొచ్చు. ఎర్రటి గుండు చెక్కలో కూరుకుపోయి లోపల్నుంచి మంట రాజేస్తుంది, దాన్ని బయటికి తీసే దారి లేదు. ఒక ఓడ మందుగుండు గది అంటుకుని పేలిపోయింది, మిగతావాటిలో చాలావాటికి అదే గతి. మూడు వారాల్లో ఒట్టోమన్ నౌకాదళాన్ని మట్టుపెట్టిన నవారినో యుద్ధం, దాంతో గ్రీసు స్వాతంత్ర్యం దాదాపు ఖాయం. ఆవిరి ఓడ యుద్ధంలో గెలవడం ప్రపంచానికి ఇంకా కొత్త, అదీ గలక్సీది వాకిట్లో.

ఈ ఊరి కథలో మనసుకు పట్టుకునేది ఇదే. తమను కాపాడిన పొగను చూసి చప్పట్లు కొట్టిన ఊరే, ఆ తర్వాత డెబ్బై ఏళ్ళకు పైగా తెరచాపలే కట్టింది.

కట్టడం కూడా ఆషామాషీగా కాదు. 19వ శతాబ్దం నడిమికి ఒడ్డు పొడుగునా ఓడల పని జరిగేది. షెడ్డు లేదు, గోదీ లేదు, గులకరాళ్ళ ఒడ్డే కార్ఖానా. వడ్రంగుల మేస్త్రి దగ్గర కాగితం మీద పటం ఉండదు. ఒక్క అచ్చు ఉంటుంది, దాన్ని మోనోఖ్‌నారో అంటారు. పల్చటి చెక్క మీద ఓడ నడుము దగ్గరి పక్కటెముక ఆకారం కోసి, దాని మీద వరసగా గుర్తులు పెడతాడు. నడుము ఎముక ఆ అచ్చు ప్రకారం. పక్కది ఒక గుర్తు జరిపి, దాని పక్కది ఇంకో గుర్తు జరిపి. అలా ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ పోతే ఓడ తనంతట తానే సన్నబడుతుంది. ఒక్క అచ్చుతో మొత్తం పొట్ట. మేస్త్రి పోతే ఆ అచ్చు కొడుక్కి పోతుంది. గుర్తుల లెక్క నోటిమాటగానే ఉంటుంది కాబట్టి పక్కూరివాడు అచ్చు ఎత్తుకుపోయినా లాభం లేదు.

ఒక గుర్తు తప్పితే ఏమవుతుంది? ఎముకలన్నీ నిలబెట్టాక, పలకలు బిగించే ముందు, పొడుగాటి సన్నటి బద్దను వాటి మీద వంచి చూస్తారు. బద్ద ఎక్కడైనా ఎముకను తాకకుండా గాల్లో నిలిచినా, ఎక్కడైనా ఉబ్బినా, అక్కడ లెక్క తప్పినట్టు. ఉబ్బిన చోట బాడిసతో చెక్కుతారు, గుంట పడిన చోట చెక్క అతుకు వేస్తారు. అతుకు మరీ లావైతే ఆ ఎముకను తీసి పారేయాల్సిందే. అక్కడ మొహమాటపడితే నీళ్ళలోకి దిగాక ఓడ ఒక పక్కకు లాగుతూ పోతుంది, చుక్కాని పట్టినవాడు జన్మంతా మేస్త్రిని తిట్టుకుంటాడు.

కొయ్య సంగతి వేరే శాస్త్రం. అడుగుదూలానికి గట్టి ఓక్, పలకలకు పైన్. చెట్టు కొట్టడం చలికాలంలో, అదీ చంద్రుడు తగ్గే రోజుల్లో అని పాతవాళ్ళ పట్టు. చంద్రుడి మాట ఎలా ఉన్నా, చలికాలంలో కొట్టిన కొయ్య మెల్లగా ఆరుతుంది, పగుళ్ళూ పురుగూ తక్కువన్నది నిజం. పచ్చి కొయ్యతో ఓడ కడితే ఎండకు కొయ్య కుంచించుకుని, సందులు నోళ్ళు తెరుస్తాయి. ముందుభాగంలో పలకను బాగా వంచాల్సిన చోట ఆవిరి పెడతారు, లేదా నీళ్ళు చల్లుతూ నిప్పు సెగ తగిలిస్తారు. ఆవిరి అయితే అంగుళం మందానికి గంట అని లెక్క. తీసిన పలకను చల్లారే లోపు బిగించాలి. ఆ పనికి నలుగురు మనుషులూ, ఇనుప బిగింపులూ, ఒక్కడి కేక చాలు. ఆలస్యమైతే పలక వంగదు, విరుగుతుంది.

తర్వాత సందులు పూడ్చే పని. ఇది చేసేవాణ్ణి గ్రీకులో కలఫాతిస్ అంటారు. పాత తాళ్ళు విప్పి తీసిన నారను కీలులో, అంటే తారులో, నానబెట్టి, వేళ్ళతో పేనుకుంటూ, మొద్దు ఉలి పెట్టి కొయ్య సుత్తితో సందులోకి దట్టిస్తాడు. ఒక వరస, దాని మీద రెండోది, మందమైన పలకైతే మూడోది. మంచి కలఫాతిస్ చెవితో పని చేస్తాడు. నార వదులుగా ఉన్నంతసేపు సుత్తి దెబ్బ మందంగా పలుకుతుంది, బిగిశాక గణగణమంటుంది. ఆ శబ్దం వచ్చాక ఇంకో రెండు దెబ్బలు అదనంగా వేయడం కొత్తవాడి తప్పు. నీళ్ళలో పలక ఉబ్బుతుంది, లోపల అప్పటికే బిగిసిపోయిన నారకు జాగా ఉండదు, పలకను ఎముకకు పట్టిన మేకు ఊడుతుంది. తక్కువ దట్టిస్తే నీరు కారుతుంది, ఎక్కువ దట్టిస్తే ఓడ విడిపోతుంది. చివరగా పైన మరిగే కీలు పోత. కొత్త ఓడ నీళ్ళలో దిగిన మొదటి ఒకటి రెండు రోజులు కారడం మామూలే. పంపు దగ్గర మనుషుల్ని పెట్టి కొయ్య ఉబ్బేదాకా ఓపిక పడతారు.

ఓడను నీళ్ళలోకి దింపే రోజు పూజారి వస్తాడు, నీళ్ళు చిలకరిస్తాడు, ఊరంతా ఒడ్డున ఉంటుంది. అసలు పూజ మాత్రం కొవ్వుది. వాలుగా పరిచిన దూలాల మీద జంతువుల కొవ్వు పూస్తారు. పన్నెండు నుంచి ఇరవై అడుగుల పొడుగుకు ఒక అడుగు వాలు. చలి రోజైతే కొవ్వు గడ్డకట్టి ఓడ మధ్యలో ఆగిపోతుంది, ఎండ మండే రోజైతే కొవ్వు కారిపోయి చెక్క చెక్కతో రాసుకుంటుంది. సగం నీళ్ళలో, సగం ఒడ్డున ఆగిన ఓడ అన్నిటికన్నా ప్రమాదం. వెనుక భాగం తేలుతుంది, ముందు భాగం నేల మీద మోపు, మధ్యలో వెన్ను విరుగుతుంది. అందుకే వాతావరణం చూసి, పొద్దున చల్లదనం పోయి ఎండ ముదరక ముందు దింపేవారు.

నీళ్ళలో ఉన్న ఓడకు అసలు శత్రువు తుపాను కాదు, చెక్కను తొలిచే పురుగు. పైకి చిన్న రంధ్రం, లోపల జల్లెడ. రాగి రేకు కొడితే పురుగు రాదు, కానీ రాగి ఖరీదు. పైగా ఇనుప మేకుల పక్కన రాగి పెడితే ఉప్పునీటిలో ఇనుమును అది తినేస్తుంది. రాగి కొట్టాలంటే మేకులు కూడా రాగివే కావాలి. అంత స్తోమత లేనివాళ్ళు శీతాకాలం ఓడను రేవులో ఒక పక్కకు ఒరగదీసి, అడుగున పట్టిన పాచీ గవ్వలూ నిప్పుతో కాల్చి గీకి, మళ్ళీ కీలు పూసేవారు. శరదృతువులో దిమిత్రియోస్ పండుగకు ఓడలు ఇంటికి చేరడం, వసంతంలో యోర్గియోస్ పండుగ నాటికి మళ్ళీ కదలడం పాత రివాజు. మధ్యలో ఆ చలికాలమంతా ఊరు మనుషులతో, కీలు వాసనతో నిండుగా ఉండేది.

మన గోదావరి పాయ మీద కోరంగీ, తాళ్ళరేవూ గుర్తొస్తే తప్పులేదు. అక్కడా చెక్క ఓడల పనే, అక్కడా పెద్ద ఓడలకు కాలం చెల్లిన తర్వాత మిగిలింది చేతిపని తెలిసిన కొద్దిమందే. కోరంగిని 1839 తుపాను దెబ్బతీస్తే, గలక్సీదిని ఏ తుపానూ ముంచలేదు. లెక్కల పుస్తకం ముంచింది.

ఆ లెక్క ఇలా ఉండేది. ఓడ ఒక్కడిది కాదు. పాలు పాలుగా పంచుకుంటారు. ఒక పాలు కెప్టెన్‌ది, ఒకటి అతని బావమరిదిది, ఒకటి వడ్రంగి మేస్త్రిది (కూలి బదులు), ఒకటి ఏ వితంతువుదో. పెట్టుబడిని సెర్మాయా అంటారు. ఉర్దూ తెలిసిన హైదరాబాదీకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు, పారసీ నుంచి తుర్కీ మీదుగా గ్రీకుల నోట్లో పడిన అదే సర్మాయా. నావికులకు కూడా జీతం బదులు లాభంలో వాటా ఉండేది. ఇంకా కావాలంటే సముద్రపు అప్పు: ఓడ క్షేమంగా వస్తే హెచ్చు వడ్డీతో చెల్లు, మునిగితే అప్పు మాఫీ. ఆ వడ్డీలో సగం వడ్డీ, సగం బీమా. తర్వాత ఊళ్ళోనే బీమా కంపెనీలు కూడా పెట్టుకున్నారు.

ఒకరి నష్టం అందరూ పంచుకునే ఈ పద్ధతి తెరచాప ఓడకు చక్కగా సరిపోయింది. గాలి ఉచితం, పనివాళ్ళు ఇంటివాళ్ళు, ఓడ ఊళ్ళోనే తయారు. ఆవిరి ఓడ అలా కాదు. దాన్ని ఇనుముతో ఇంగ్లండులో కట్టాలి, డబ్బు ఒకేసారి పెద్ద మొత్తంలో కావాలి, బొగ్గుకు రోజూ రొక్కం కావాలి, ఇంజనుకు ఊరివాడు కాని మనిషి కావాలి. యాభై ఓడల్లో యాభై పాలు ఉన్న ఊరికి డబ్బు లేక కాదు, ఆ డబ్బు ఒక్కచోట లేక. ఆండ్రోస్ దీవివాళ్ళు అది చేయగలిగారు, ఇక్కడ కుదరలేదు. దీన్ని కొందరు గలక్సీది మొండితనం అంటారు. మొండితనం కన్నా, పనిచేస్తున్న పద్ధతిని వదల్లేకపోవడం అనడమే న్యాయం. 1893లో కొరింథ్ కాలువ తెరుచుకుంది, ఆరు కిలోమీటర్ల పైచిలుకు పొడవు, ఇరవై నాలుగు మీటర్ల దాకా వెడల్పు. సింధుశాఖ రెండు వైపులా తెరుచుకున్నా అందులో పోయేవి పొగ ఓడలే. 20వ శతాబ్దం మొదట్లో ఒడ్డున సుత్తి శబ్దం ఆగిపోయింది. కెప్టెన్ల కొడుకులు ఏథెన్స్ రేవైన పిరేయస్‌కు, ఆ తర్వాత ఇంకా దూరం పోయారు.

డబ్బు ఆగిపోయిన చోట కొత్త ఇల్లు కట్టరు, పాతది పడగొట్టరు. అందుకే కెప్టెన్ల ఇళ్ళు మిగిలాయి. మందపాటి రాతి గోడలు, కింద సామాను గది, పైన సముద్రం కనపడే పెద్ద గది. తీరం వెంట తారు రోడ్డు చాలా ఆలస్యంగా వచ్చింది కాబట్టి అపార్టుమెంట్లు కట్టే హడావిడి కూడా ఆలస్యంగానే వచ్చింది. అగోరా రేవుకు ఎదుటి ఒడ్డు పేరు పేరా పాండా, అంటే ఆవలి గట్టు. ఒకప్పుడు మోడు గుట్ట, ఇప్పుడు పైన్ అడవి. 20వ శతాబ్దం మొదట్లో బడిపిల్లలు నాటిన చెట్లవి. ఓడలకు కొయ్య అక్కర్లేని కాలంలో ఊరికి అడవి దొరికింది.

ఊరి మ్యూజియంలో ఓడల ముందుభాగాన ఉండే చెక్క బొమ్మలూ, నీటిరంగుల్లో వేసిన ఓడల చిత్రాలూ ఉన్నాయి. రేవుల్లో తిరిగే చిత్రకారులు కెప్టెన్ల కోసం వేసినవి. కళగా చూస్తే సముద్రం ఒకే మూసలో ఉంటుంది, మబ్బులు కూడా. తాళ్ళు మాత్రం లెక్క తప్పవు. ప్రతి తాడూ ఎక్కడ కట్టాలో అక్కడే కట్టి ఉంటుంది, ఎందుకంటే కొనేవాడికి మబ్బులు తెలియవు, తాళ్ళు తెలుసు.

అయీయా పరస్కేవీ చర్చిలో ఇంకో వింత ఉంది. పైనున్న చిన్న రంధ్రం గుండా సూర్యకిరణం పడి, నేల మీద పరిచిన రాశిచక్రం గుర్తుల మీద నడుస్తుంది. ఏ రోజు మధ్యాహ్నం ఏ రాశి మీద వెలుగు పడితే అది సూర్యుడున్న రాశి. మీనమేషాలు లెక్కపెట్టే మనకు ఇది అర్థమవడానికి ఎంతోసేపు పట్టదు. ఇక్కడి అక్షాంశం 38 డిగ్రీల పైన. జూన్‌లో మధ్యాహ్న సూర్యుడు 75 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతాడు, డిసెంబరులో 28 దగ్గరే ఆగిపోతాడు. రంధ్రం నాలుగు మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, వేసవిలో వెలుగు దాని అడుగు నుంచి ఒక మీటరు దూరంలో పడుతుంది, చలికాలంలో ఏడున్నర మీటర్లు ఉత్తరానికి పాకుతుంది. ఆ మధ్య దూరమే పంచాంగం. ఓడ మీద సెక్స్‌టెంట్ పట్టుకుని మధ్యాహ్న సూర్యుణ్ణి కొలిచే కెప్టెన్లున్న ఊళ్ళో ఇది వింత కాదు, ఇంట్లో వాడే పనిముట్టు లాంటిది.

చూడ్డానికి వెళ్ళేవాళ్ళు చేసే పొరపాటు పన్నెండింటికి వెళ్ళడం. గ్రీసు గడియారం 30 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, గలక్సీది ఉన్నది 22 డిగ్రీల పైన. అంటే సూర్యుడు గడియారం కంటే అరగంట ఆలస్యం. నవంబరు మొదట్లో 12:14కే నడినెత్తిన ఉంటాడు, ఫిబ్రవరి నడిమికి 12:45 అవుతుంది. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు తిప్పుతారు కాబట్టి ఒకటిన్నర దాటాకే. అప్పటికి చర్చి తలుపు మూసి ఉండే అవకాశం ఎక్కువ.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఈ నిశ్శబ్దమంతా పోతుంది. గ్రీకు ఈస్టరుకు 48 రోజుల ముందు వచ్చే సోమవారం, దాన్ని శుద్ధ సోమవారం అంటారు. మాంసం మానేసే ఉపవాసాల మొదటి రోజు, పొంగని లగానా రొట్టె, ఆలివ్‌లు, చేపగుడ్ల ముద్ద తినే రోజు. 2026లో ఫిబ్రవరి 23న వచ్చింది. గ్రీసు అంతటా ఆ రోజు గాలిపటాలు ఎగరేస్తే, గలక్సీదివాళ్ళు పిండి కొట్టుకుంటారు. పేరు అలెవ్రోముద్జూరోమా: అలెవ్రి అంటే పిండి, రెండో సగం అంటే మసి పూయడం. పాత రోజుల్లో ముఖాలకు బొగ్గు మసి పూసుకుని గుండ్రంగా ఆడేవారు, పిండి తర్వాత చేరింది. చలికాలం ముగిసి ఓడలు బయల్దేరే ముందు వచ్చే పండుగ ఇది. ఎవరు తిరిగొస్తారో తెలియని ప్రయాణానికి ముందు కాస్త ఒళ్ళు మరిచిపోవడం.

ఇప్పుడు టన్నుకు పైగా గోధుమపిండిని తినే రంగులతో కలిపి సంచుల్లో నింపుతారు. రేవు పక్క ఇళ్ళకూ కొట్లకూ ముందురోజే ప్లాస్టిక్ షీట్లు కప్పేస్తారు. నడుముకు పశువుల గంటలు కట్టుకున్న వాళ్ళు ముందు నడుస్తారు, ఆ మోత వినగానే తలుపులు మూసుకోవాల్సినవాళ్ళు మూసుకుంటారు. హోలీ ఆడినవాళ్ళు అదే ధైర్యంతో వస్తారు, అక్కడే దెబ్బతింటారు. హోలీ రంగు గుప్పెడు. ఇక్కడ పిండి మబ్బు. కళ్ళకు అంటుకునే రబ్బరు అంచు కళ్ళద్దాలు లేకపోతే పది నిమిషాల్లో కన్ను తెరవలేరు. ముక్కుకు గుడ్డ కట్టినా చాలదు, దుమ్ము మాస్కు కావాలి. కెమెరాను ప్లాస్టిక్ సంచిలో కట్టేసి, లెన్సు ముందు మాత్రమే తెరవాలి. సన్న పిండి లెన్సు చుట్టూ తిరిగే రింగులోకి పోతే కరకరలాడుతూ ఆగిపోతుంది. నేల తడిగా ఉంటే జారుడు, వాన పడితే సరదా పోయి పిసుకుడు. సిగరెట్ వెలిగించకూడదన్నది ఎవరూ బోర్డు పెట్టి చెప్పరు, అయినా గాల్లో తేలే పిండి మంటకు అంటుకుంటుందని పిండిమరల దగ్గర పెరిగినవాళ్ళకు తెలుసు.

ఆట అయ్యాక అసలు తప్పు జరుగుతుంది. తల మీద నీళ్ళు పోసుకుంటారు. పిండికి నీళ్ళు తగిలితే అయ్యేది చపాతీ ముద్ద, అదీ జుట్టులో. వేడినీళ్ళయితే మరీ బంక. ముందు పొడిగా దులుపుకోవాలి, మెత్తని బ్రష్‌తో, బట్టలు విప్పకముందే. దువ్వెన తర్వాత, ఆపైన చల్లనీళ్ళు, షాంపూ చివర్న. రేవు రాళ్ళకూ అదే సూత్రం. సాయంత్రం ముందు పొడి చీపుళ్ళతో ఊడ్చాలి, నీళ్ళ గొట్టం ఆ తర్వాతే. తొందరపడి ముందే తడిపితే రంగు పిండి రాళ్ళ సందుల్లో జిగురై గట్టిపడుతుంది. దాన్ని తీయాలంటే మోకాళ్ళ మీద కూర్చుని, మొద్దు ఉలితో, సందు సందూ గీకాలి.